నొప్పి ఒకచోట, కారణం మరొకచోట
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో చదువు గురించి, కట్నాల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకొనుట అలవాటు. ఈ రోజు మేము నొప్పుల గురించి మాట్లాడదలచినాము. డాక్టరు చెప్పవలసిన సంగతి పంతులు చెప్పుటేమిటని కొందరికి అనిపించవచ్చును. మందు చెప్పుట మా పని కాదు. కాని దేనినైనా ఎట్లా గమనించాలి, ఏమి ప్రశ్న అడగాలి అని నేర్పుట పంతుళ్ల పనియే గదా. ఆ మేరకే మా మాటలు.

మన మసీదులలో వెనుక వరుస చూడండి. కుర్చీలు పెరుగుచున్నవి. అరవై దాటిన వారే కాదు, నలభై అయిదేండ్ల వారు సైతం కుర్చీ వెతుక్కొనుచున్నారు. మన ఇండ్లలో బీడీల చాట ప్రక్కన నొప్పి గోలీల పట్టీ ఉంటున్నది. నడుము నొప్పి అంటే ఒక గోలీ, తగ్గకపోతే సూది, మళ్లీ వస్తే మళ్లీ సూది. ఏ పనికి, ఏ కదలికకు ఆ నొప్పి పుట్టుచున్నదో అడిగేవారు లేరు. మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఒక్కటే. నొప్పి ఉన్న చోటును మాత్రమే చూస్తే చాలదు. మనిషి ఎట్లా కూర్చుంటున్నాడు, ఎట్లా లేస్తున్నాడు, ఎట్లా వంగుచున్నాడు, ఎట్లా బరువెత్తుచున్నాడు అన్నది చూడవలెను. కదలికను చూస్తే నొప్పికి దారి దొరుకుతుంది. ముందుగా చూస్తే కొన్ని దెబ్బలను రాకుండానే ఆపుకోవచ్చును.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. ఇటలీ దేశంలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడు 1700 సంవత్సరంలో పనివారల రోగాల మీద ఒక గ్రంథం వ్రాసినాడు. రోగి దగ్గరకు పోయిన వైద్యుడు అడగవలసిన పాత ప్రశ్నలకు ఆయన ఇంకొక ప్రశ్న చేర్చినాడు. అది ఏమిటంటే, నీవు ఏ పని చేయుదువు అని. పనిలో వాడే వస్తువుల దుమ్ము, ఘాటు ఒక కారణమైతే, అసహజమైన భంగిమలు, అదుపులేని కదలికలు రెండవ కారణమని ఆయన గ్రహించినాడు. అంతకు చాలా ముందే మన ఇబ్నె సీనా తన వైద్య గ్రంథమైన ‘అల్ ఖానూన్’ మొదటి భాగంలో వ్యాయామానికి, మర్దనకు ప్రత్యేకంగా చోటు ఇచ్చినాడు. యూనానీ హకీములు నేటికీ రియాజత్, దల్క్ అని చెప్పేవి అవే.

ఇప్పుడు ఈ పనిని శాస్త్రీయంగా చేయువారు ఫిజియోథెరపిస్టులు. మన దేశంలో పోలియో విస్తరించిన రోజులలో, 1950ల మొదటి సంవత్సరాలలో, బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి బడి మొదలైనది. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టుట, వేడి పెట్టుట అని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. మంచి ఫిజియోథెరపిస్టు ముందు మిమ్మల్ని నడిపిస్తారు, వంగమంటారు, తిరగమంటారు. ఏ కదలికకు నొప్పి పెరుగుచున్నది, దేనికి తగ్గుచున్నది, కుడికి ఎడమకు తేడా ఏమి ఉన్నది అని చూస్తారు. మెషీను సంగతి ఆ తరువాత.

దీనికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ కలదు. న్యూజిలాండ్ దేశంలో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరకు 1956లో స్మిత్ అనే రోగి వచ్చేవాడు. నడుము నుండి కాలికి దిగే నొప్పి. వారాలు గడిచినా గుణం లేదు. ఒక రోజు అతడిని లోపలికి పోయి బోర్లా పడుకోమన్నారు. బల్ల తలవైపు భాగం అంతకు ముందు రోగి కొరకు పైకి లేపి ఉండెను. అతడు అట్లే నడుము వెనుకకు వంగేటట్లు పడుకొన్నాడు. మెకెంజీ వేరొక రోగిని చూచి వచ్చేసరికి కొన్ని నిమిషాలు గడిచినవి. చూస్తే గాబరాపడినాడు, ఎందుకంటే అట్లా పడుకుంటే నష్టమని ఆ రోజులలో నమ్మేవారు. రోగి మాత్రం కాలి నొప్పి పోయిందన్నాడు. నొప్పి కాలు వదలి నడుము మధ్యకు వచ్చి నిలిచినది. కాలి నుండి నడుము వైపుకు నొప్పి వెనుకకు మళ్లుట మంచి గుర్తు అని మెకెంజీ తరువాత నిర్ధారించుకొని, ఆ పునాది మీద ఒక పద్ధతినే నిర్మించినాడు.

ఈ కథ విని ఇంటికి పోయి అందరూ బోర్లా పడుకోవద్దు. అసలు కీలకం ఇక్కడనే ఉన్నది. ఇద్దరికి నడుము నొప్పి అనుకోండి. ఒకరికి కూర్చుంటే, వంగితే కాలికి దిగుతుంది. లేచి నాలుగు అడుగులు నడిస్తే హాయి. ఇంకొకరు పెద్దమనిషి, ఆయనకు నడిస్తే కాళ్లు గుంజుతవి, సైకిల్ హ్యాండిల్ మీద ముందుకు వంగి నిలబడినా, అరుగు మీద కూర్చున్నా తగ్గుతుంది. రెండవ వారికి వెన్నులో నరాల దారి ఇరుకైనదేమో అని అనుమానించవలెను. మొదటి వారికి మేలు చేసిన వ్యాయామం రెండవ వారికి కీడు చేయవచ్చును. పేరు ఒకటే, నడుము నొప్పి. కదలిక చెప్పే సాక్ష్యం వేరు. అందుకే పక్కింటి చాచాకు చెప్పిన వ్యాయామం మనము చేయుట, పక్కింటి ఖాలా తెచ్చుకొన్న గోలీ మనము మింగుట రెండూ సరికావు.

ఇక మన పనుల సంగతికి వద్దాము. పెగడపల్లిలో గాని, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు గాని బీడీల పని తెలియని గల్లీ అరుదు. చాట ఒడిలో పెట్టుకొని, మెడ వంచి, భుజాలు ముందుకు వేసి, తునికాకు కత్తిరించుట, తంబాకు పోసి చుట్టుట, మడుచుట, దారం కట్టుట. వ్రేళ్లు వేల సార్లు కదులుతవి. మెడ, వీపు, మోకాళ్లు గంటల తరబడి కదలవు. ఒకచోట కదలిక ఎక్కువ, ఇంకొకచోట అసలే లేదు. ఈ రెండూ కలిసి నొప్పి పుట్టిస్తవి.

ఒక ఉదాహరణ చెప్పుతాము. బీడీలు చుట్టే ఆపా ఒకరికి చేయి తిమ్మిరి పట్టుచున్నదనుకోండి. బొటనవ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలులో రాత్రి పూట తిమ్మిరి వచ్చి, చేయి విదిలిస్తే తగ్గుచుంటే, మణికట్టు దగ్గర నరం ఒత్తుకొని ఉండవచ్చును. మణికట్టును ఒక నిమిషం మడిచి పట్టుకుంటే అదే తిమ్మిరి వస్తుంది. అట్లా కాక మెడ ప్రక్కకు తిప్పినప్పుడు, వెనుకకు వంచినప్పుడు చేతిలోకి జివ్వున దిగుచుంటే, మూలం మెడలో ఉండవచ్చును. తిమ్మిరి ఉన్నది ఒక్కచోటనే, వ్రేళ్లలో. కారణం మణికట్టు కావచ్చు, మెడ కావచ్చు, షుగరు వ్యాధి కూడ కావచ్చు. వ్రేళ్లకు మలాం రుద్దితే ఎట్లా తెలుస్తుంది?

సిరిసిల్లలో సాంచెలు నడిపే తమ్ముళ్లది వేరే కష్టం. గంటల తరబడి నిలబడి, ఒక సాంచె నుండి ఇంకొక సాంచెకు తిరుగుట, తెగిన పోగు అతుకుటకు వంగుట. కాళ్లు, పిక్కలు, నడుము అలసిపోతవి. మన దర్జీ భాయిలది మెడ, భుజం. సైకిల్, మోటారు రిపేరు చేసేవారిది గొంతుకూర్చున్న మోకాలు. నాట్లు వేసే తల్లులది రోజంతా వంగిన నడుము, బురదలో వెనుకకు వేసే అడుగు. ఏ పనికి ఏ కదలిక ఎక్కువైనది, ఏది కరువైనది అని ఎవరి పనిని వారు లెక్క వేసుకోవలెను.

గల్ఫ్ పోయే పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పవలెను. పోయే ముందు జరిగే మెడికల్‌లో రక్తం చూస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ముఖ్యంగా అంటువ్యాధుల కొరకు ఆ పరీక్ష. అక్కడ బరువు మోయబోయే నడుము ఎట్లా వంగుచున్నదో చూసుకొనుట మన బాధ్యత. అమెరికా ప్రభుత్వపు వృత్తి భద్రతా సంస్థ నియోష్ వారు 1991లో సవరించిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తున, మెలి తిరగకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తినప్పుడు, హద్దు 23 కిలోలు. మన సిమెంటు బస్తా 50 కిలోలు. దానిని నేల మీది నుండి, ప్రక్కకు తిరిగి, రోజుకు ఎన్నో సార్లు ఎత్తుతారు. అప్పు చేసి పోయిన పిల్లవాడు నడుము పట్టుకొని ఆరు నెలలకే తిరిగి వస్తే అప్పు ఎవరు తీర్చాలి? ఇది ఒంటి నొప్పి మాత్రమే కాదు, ఇంటి నొప్పి.

ఇప్పుడు నమాజు సంగతి. నమాజు ఇబాదత్, కసరత్తు కాదు. అల్లాహ్ కొరకు చేసేదే గాని మోకాళ్ల కొరకు చేసేది కాదు. అయినా రోజుకు అయిదు పూటలు మన ఒంటిని మనమే గమనించుకునే అవకాశం అందులో ఉన్నది. ఫర్జు నమాజులే తీసుకున్నా 17 రకాతులు, 17 రుకూలు, 34 సజ్దాలు. రుకూలో నడుము, తొడల వెనుక బిగువు తెలుస్తుంది. సజ్దాకు దిగేటప్పుడు మోకాలు, లేచేటప్పుడు తొడల బలం తెలుస్తుంది. ఖాయిదాలో కూర్చున్నప్పుడు మడమ, కాలివ్రేళ్లు ఎంత మడుగుచున్నవో తెలుస్తుంది. సలాము తిప్పేటప్పుడు మెడ కుడికి ఎంత తిరిగినది, ఎడమకు ఎంత తిరిగినది తెలుస్తుంది. పోయిన రంజానుకు చేయి ఆనించకుండా లేచినవారు ఈ రంజానుకు చేయి ఆనించవలసి వస్తే, అది ఒంటి నుండి వచ్చిన ఉత్తరం. చదువుకొనక పడవేయరాదు.

నేల మీద కూర్చుని లేచుటను బ్రెజిల్ దేశంలో ఒక పరీక్షగానే వాడినారు. డాక్టర్ క్లాడియో జిల్ అరౌజో బృందం 51 నుండి 80 ఏండ్ల వయసు గల 2002 మందిని చూచి, ఫలితాలను 2012లో ప్రకటించినది. కూర్చొనుటకు 5, లేచుటకు 5, మొత్తం 10 మార్కులు. చేయి గాని, మోకాలు గాని ఆనించిన ప్రతిసారి ఒక మార్కు తీసివేస్తారు. తూలితే అర మార్కు. తక్కువ మార్కులు వచ్చిన వారిలో తరువాతి సంవత్సరాలలో మరణాలు ఎక్కువగా కనిపించినవి. అదే బృందం 2022లో ఇంకొక సంగతి తెలిపినది. 51 నుండి 75 ఏండ్ల వారు 1702 మందిని ఒంటి కాలి మీద 10 సెకండ్లు నిలబడమంటే అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయినారు. లేవలేకపోవుట వలననే చనిపోయినారని దీని అర్థం కాదు. కాళ్ల బలం, కీళ్ల సాగుడు, తూలకుండా నిలుచుట తగ్గితే మొత్తం ఆరోగ్యమే సన్నగిల్లుచున్నదని సూచన.

కుర్చీలో కూర్చుని నమాజు చేసేవారిని తప్పుపట్టుటకు ఈ మాటలు చెప్పుట లేదు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ గారు మొలల వ్యాధితో బాధపడుచున్నప్పుడు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని మన ప్రవక్త (స) వారు తెలిపినారు. రోగికి దీన్ ఇచ్చిన సౌకర్యం అది. ఎవరికి ఎంత సౌకర్యం అన్నది ఉలమాలను అడగండి. కాని కుర్చీ అవసరం ఎందుకు వచ్చినది అన్న ప్రశ్న ఫిజియోథెరపిస్టును అడగండి. తొడ కండరాలు బలపడితే మళ్లీ చాప మీదకు రాగలిగినవారు కొందరు తప్పక ఉంటారు.

ఇంటి వద్ద చూచుకొనుటకు అయిదు చిన్న పరీక్షలు చెప్పుతాము. ప్రక్కన ఒక మనిషి, దగ్గరలో గోడ ఉండవలెను. మొదటిది, చేతులు ఛాతీ మీద కట్టుకొని కుర్చీలో నుండి అయిదు సార్లు లేచి కూర్చొనుట. పెద్దవారికి 15 సెకండ్లు దాటితే కాళ్ల బలం తగ్గినదని అనుకోవచ్చును. రెండవది, ఒంటి కాలి మీద 10 సెకండ్లు. మూడవది, గోడకు వీపు ఆనించి రెండు చేతులు పైకెత్తుట. రెండూ సమానంగా పోవుచున్నవా? నాల్గవది, మెడ రెండు ప్రక్కలకు తిప్పుట. అయిదవది, మడమలు నేల మీద ఉంచి గొంతుకూర్చొనుట. మడమలు లేస్తే చీలమండ బిగుసుకొని ఉండవచ్చును. ఆ బిగువు భారం మోకాలి మీద పడుతుంది. ప్రతిదానిలో మూడు సంగతులు వ్రాసుకోండి: నొప్పి ఎక్కడ, కుడి ఎడమల తేడా ఎంత, అయిదారు సార్లు చేస్తే నొప్పి పెరిగిందా తగ్గిందా. నొప్పి ఎక్కువైతే ఆపివేయండి. ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

ఒక జాగ్రత్త. ఈ పరీక్షలు జాతకాలు కావు. అమెరికాలో గ్రే కుక్ ప్రభృతులు ఏడు కదలికలకు మార్కులు వేసి 21 లెక్కన ఒక పద్ధతి తెచ్చినారు. ఆటగాళ్లలో దానికి చాలా ప్రచారం వచ్చినది. కాని మార్కులు తక్కువ వచ్చినవారికే దెబ్బలు తగులుతవని ముందుగా చెప్పుటకు అది అంతగా పనికిరాదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. కాబట్టి మార్కు చూచి భయపడవద్దు. ఎక్కడ బలం పెంచుకోవాలో తెలుసుకొనుటకు మాత్రమే వాడుకోండి.

మరి ఏమి చేయవలెను? కూర్చొనుటకు ఒక్కటే సరియైన భంగిమ ఉన్నదని మన పెద్దలు నిటారుగా కూర్చోబెట్టేవారు. ఎంత మంచి భంగిమ అయినా గంటల తరబడి ఉంటే చెడ్డదే అవుతుంది. మార్చుచుండుటయే మేలు. బీడీలు చుట్టే తల్లులారా, అరగంటకు ఒకసారి చాట ప్రక్కన పెట్టి లేవండి. చేతులు పైకి చాపండి, భుజాలు వెనుకకు తిప్పండి, నీళ్ల బిందె దాకా నడచి రండి. ఒక నిమిషం చాలు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి గనుక నిమిషం కూడ డబ్బే అని మాకు తెలుసు. కాని చేయి పడిపోయిన నెలలో పోయే కూలి ముందు ఈ నిమిషాలు ఏపాటి? గోడకు ఆనుకొని, చాట క్రింద పీట వేసి కొద్దిగా ఎత్తు చేసుకుంటే మెడ వంగుట తగ్గుతుంది. బరువెత్తేవారు బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొనుట, నడుముతో మెలి తిరగక పాదాలతో తిరుగుట, పెద్ద బరువుకు ఇద్దరు చేరుట మరువరాదు. మామూలు నడుము నొప్పికి రోజుల తరబడి మంచం పట్టుట కంటె, ఓర్చుకోగలిగినంత నడచుటయే మంచిదని నేటి వైద్యం చెప్పుచున్నది. పిల్లల బడి సంచి బరువు పిల్లవాని బరువులో పదవ వంతు దాటరాదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెప్పినది. అది చూచుకొనుట మా ఉపాధ్యాయుల బాధ్యత, మీ బాధ్యత కూడ.

కొన్ని గుర్తులుంటే మాత్రం వ్యాయామం అని కూర్చోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. మూత్రం, దొడ్డి అదుపు తప్పుట లేక మూత్రం బిగిసిపోవుట, తొడల మధ్య మొద్దుబారుట, పాదం జారిపోవుట, జ్వరం, బరువు తగ్గుటతో కూడిన వెన్నునొప్పి, ఎందుకంటే వెన్నుకు క్షయ కూడ రావచ్చును, పడిన తరువాత వచ్చిన నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి. ఛాతీ బిగువుతో ఎడమ చేయి గుంజితే అది గుండె కావచ్చును, ఒక్క క్షణం ఆలస్యం కూడదు. ఇక నొప్పి గోలీలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండాలు దెబ్బతినవచ్చును. బీ.పీ., షుగరు ఉన్నవారికి ఇంకా ప్రమాదం. ఏ సూది వేస్తున్నారో పేరు అడిగి తెలుసుకొనుట మన హక్కు.

అక్కచెల్లెళ్లు ఆసుపత్రికి పోవుటకు సిగ్గుపడి నొప్పిని సంవత్సరాల తరబడి మోస్తున్నారు. నడక, కూర్చొనుట, లేచుట, మెడ తిప్పుట ఇవన్నీ దుస్తులతోనే, ఇంటివారి సమక్షంలోనే చూడవచ్చును. స్త్రీ ఫిజియోథెరపిస్టు కావాలని అడగండి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. వెనుకటి వలె ప్రతిదానికి హైదరాబాదు బస్సు ఎక్కవలసిన రోజులు కావు.

చివరగా సంఘానికి ఒక మనవి. ఏటా ఒక దినం, ఒక స్త్రీని, ఒక పురుషుని ఫిజియోథెరపిస్టులను పిలిపించి, బీడీల పని వారికి, గల్ఫ్ పోబోయే యువకులకు, అరవై దాటిన పెద్దలకు కదలిక పరీక్ష చేయించుదాము. ఒక్కొక్కరికి ఒక కాగితం, అందులో వారి పనికి తగిన రెండు మూడు వ్యాయామాలు, మరుసటి సంవత్సరం పోల్చి చూచుటకు ఒక నోటు పుస్తకం. ఒక శామియానా, నాలుగు చాపలు, కొన్ని కుర్చీలు ఉంటే సరిపోతుంది. స్కాలర్‌షిప్పుతో ఒక పిల్లవాని చదువు నిలుస్తుంది. తల్లి చేయి, తండ్రి నడుము నిలిస్తే ఇంట్లో పిల్లలందరి చదువు నిలుస్తుంది.

ఒంటికి కూడ మన మీద హక్కు ఉన్నదని దీన్ మనకు నేర్పినది. ఆ హక్కును చెల్లించుట నేటి రాత్రి ఇషా నమాజు నుండే మొదలు పెట్టవచ్చును. సలాము తిప్పేటప్పుడు మెడ ఎంత తిరుగుచున్నదో నమాజు ముగిసిన తరువాత ఒక్కసారి తలచుకోండి. ఇంటికి పోయి అమ్మీని లేచేటప్పుడు చూడండి, చేయి ఎక్కడ ఆనించుచున్నదో.